గాలి డబ్బా మీద తడి గోనె

మా గిర్నీ ఎదురుగా కరెంటు స్తంభానికి ఆ తెల్ల డబ్బా బిగించిన రోజే పీకి మూసీలో పడేసి ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు. కానీ బిగించడానికి వచ్చిన పిల్లలు ఎండలో చెమటలు కక్కుతుంటే నేనే పిలిచి మంచినీళ్లిచ్చాను. ఎక్కడానికి నిచ్చెన కూడా నాదే. "ఏంది బిడ్డా ఇది, కెమెరానా?" అని అడిగితే, "కాదమ్మా, గాలిల దుమ్ము, పొగ ఎంతున్నదో నిమిషం నిమిషానికి చెప్తది" అన్నారు. దుమ్ముందని చెప్పడానికి డబ్బా ఎందుకు, నన్నడిగితే చెప్పనా అని నవ్వుకున్నాను. నా తెలివి అంతవరకే.

గౌలిపురలో గిర్నీ వరమ్మ అంటే నేనే. జొన్నలు, గోధుమలు, పసుపు, కారం ఏదైనా పట్టిస్తాను. మా ఆయనతో కలిసి నడిపిన గిర్నీ, ఆయన పోయి పదకొండేళ్లయింది. అప్పటి నుంచి ఆ మోటారూ ఆ బెల్టూ నేనూ. ఆడది గిర్నీ నడుపుతుందా అని మూతి విరిచినవాళ్లంతా ఇప్పుడు నా ముందే వరసలో నిలబడతారు. నా నోరు కొంచెం పెద్దదని గల్లీలో పేరుంది. మోటారు చప్పుడులో ముప్పై ఏళ్లు మాట్లాడి చూడండి, మీ నోరూ పెద్దదవుతుంది.

గోడకు అటువైపు నాగమణమ్మక్క ఇల్లు. ఆమెకు డెబ్బై ఏళ్లు. ఒకప్పుడు పన్నెండు బర్రెల పాలు పిండి గల్లీ అంతటికీ పోసిన మనిషి. బర్రెలు పోయాయి, దమ్ము జబ్బు మిగిలింది. మూడు మాటలు మాట్లాడితే ఆగి ఊపిరి అందుకోవాలి. మాఘం దాటి మిరపకాయల సీజన్ మొదలయ్యాక మరీ కష్టమైపోయింది, నెలలో రెండుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆమె కొడుకు బాలరాజ్ అఫ్జల్‌గంజ్‌లో ఒక హోల్‌సేల్ దుకాణంలో గుమాస్తా. నా చేతుల మీద పెరిగినవాడు. వాడే మున్సిపాలిటీ సర్కిల్ ఆఫీసుకు పోయి నా గిర్నీ మూయించమని అర్జీ పెట్టి వచ్చాడు.

"నీ మీద కోపం గాదు చిన్నమ్మా. మా అమ్మ సస్తున్నది" అని నా మొహం మీదే చెప్పాడు.

సోమవారం ఆఫీసరు వచ్చి చూస్తాడట. బాలరాజ్ చెప్పింది నిజమే అనిపిస్తే గిర్నీకి తాళం. తాళం పడితే నాకేం మిగులుతుంది? ఇంకో పని రాదు, ఇంకో తోడు లేదు. పొద్దున లేచి ఆ స్విచ్ వేస్తేనే నాకు తెల్లవారుతుంది. ఆ వారమంతా అన్నం సహించలేదు.

బాలరాజ్ కూతురు స్రవ్య మాత్రం మా ఇంటికి రావడం మానలేదు. డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. శుక్రవారం నాడు ఫోను పట్టుకొచ్చి నా పక్కన గోధుమ బస్తా మీద కూర్చుంది.

"ఇది ఏఐ, చిన్న నాయనమ్మా. తెలుగుల అడిగితే తెలుగుల చెప్తది. మొన్నటిదాంక దీనికి బహదూర్‌పురా దిక్కున్న మిషన్ నంబర్ ఒక్కటే తెలిసేది. గందుకే ఇక్కడ నాయనమ్మకు దమ్మొచ్చినా గాలి మంచిగున్నదని చెప్తుండె. ఇప్పుడు మన గల్లీ డబ్బా, చుట్టుపక్కల గల్లీల డబ్బాలు అన్నీ దానికి ఎప్పటికప్పుడు కనబడ్తయి."

"అట్లనా. ఇటియ్యి" అని ఫోను లాక్కున్నాను. "ఏమయ్యా, నేను గిర్నీ వరమ్మను. నా గిర్నీ తోనే మా అక్కకు దమ్ము లేస్తున్నదా? సూటిగ చెప్పు."

అది ఏమాత్రం తడబడలేదు. "డబ్బా దుమ్ము ఎంతుందో చెబుతుంది గానీ అది కారమో, పొగో, మట్టో చెప్పలేదు వరమ్మ గారూ. ఆమెకు ఆయాసం ఎందుకొస్తోందో నేను తేల్చలేను. నాకు కనిపించేది చెబుతాను. పొద్దున మీ గల్లీ, పక్క గల్లీలు ఒకేలా ఉంటున్నాయి. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది మధ్య మాత్రం మీ గల్లీ నంబర్ ఒక్కటే బాగా పైకి పోతోంది. ఆ వేళలో అక్కడ ఏం జరుగుతుందో మీకే తెలియాలి."

నాకు తెలియకేం! ఆ మూడు గంటలూ నా మోటారు ఆగదు. పగలంతా డాబా మీద ఎండబెట్టిన మిరపకాయలు వేడి మీద ఉన్నప్పుడే పట్టించాలని గల్లీ ఆడవాళ్లంతా ఒక్కసారే దిగుతారు.

"నీ నోట్ల మన్నువడ!" అని ఫోను స్రవ్య ఒళ్లో పడేశాను.

స్రవ్య పకపకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "డాడీ ఈ నంబర్లన్నీ సోమవారం సార్‌కు చూపిస్తడట" అని మెల్లగా చెప్పింది.

శనివారం మధ్యాహ్నం గల్లీ అంతా కునుకు తీస్తున్న వేళ, నేను నిచ్చెన వేసుకుని స్తంభమెక్కి, తడిపిన గోనెపట్టాను ఆ డబ్బా చుట్టూ నాలుగు మడతలు చుట్టి సుతిలితో కట్టాను. అవును, నేనే. రెండు రోజులు నంబర్ తక్కువ చూపిస్తే ఆఫీసరు బాలరాజ్‌నే తిట్టి పోతాడని నా లెక్క. దిగి వచ్చి చేతులు దులుపుకుని, ఇప్పుడు చెప్పు నీ సూటి మాట అని ఆ డబ్బాను ఎకసెక్కమాడాను కూడా. సాయంత్రం వరస కట్టినవాళ్లందరికీ మహా హుషారుగా కారం పట్టించాను.

ఆరున్నరకు స్రవ్య కేక మోటారు చప్పుడును దాటుకుని వినిపించింది.

నాగమణమ్మక్క తన ఇంటి అరుగు మీద గోడకు ఆనుకుని ఉంది. నోరు తెరిచి ఉంది, గాలి లోపలికి పోవడం లేదు. మెడ నరాలు పైకి తేలాయి. స్రవ్య దమ్ము మందు పంపు నోట్లో పెట్టి రెండుసార్లు నొక్కినా కుదుటపడలేదు. నేను మోటారు ఆపేసి, ఆమెను రెండు చేతులా ఎత్తుకుని ఆటోలో కూర్చోబెట్టాను. నా బట్టల నిండా కారమే. ఆ బట్టలతో ఆమెను పట్టుకోకూడదని ఆటో కదిలాక గానీ తట్టలేదు.

జరిగింది ఆటోలోకి ఎక్కుతూ స్రవ్య ఏడుస్తూ చెప్పింది. అక్క ఫోనును అడిగింది, ఇప్పుడు బయట కూర్చోవచ్చా అని. అది, "మీ గల్లీ డబ్బా పన్నెండు చూపిస్తోంది" అంది. పన్నెండు అన్న మాట చెవిన పడగానే అక్క, రోజంతా తలుపులేసుకుని విసిగిపోయిన మనిషి, "పన్నెండేనా! గట్లయితే బయట గూసుంట" అని లేచి వెళ్లిపోయింది. ఫోను ఖాళీ గదికి మిగతాది చెబుతూనే ఉంది: "కానీ ఈ నంబర్‌ను నమ్మకండి. చుట్టూ ఉన్న మూడు డబ్బాలు నూట నలభై దాకా చూపిస్తున్నాయి. దీనికి ఏదో అడ్డం పడినట్టుంది. బయటికి వెళ్లొద్దు." వంటింట్లో చాయ్ పెడుతున్న స్రవ్య అది విని పరుగెత్తుకొచ్చేసరికి ఆలస్యమైపోయింది.

ఆటో వెళ్లాక, గుమికూడిన జనం పోయేదాకా ఆగి, దొంగలాగా నిచ్చెన వేసి గోనె విప్పుకొచ్చాను. అప్పుడు కూడా నలుగురి ముందు విప్పే ధైర్యం లేకపోయింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆదివారం పొద్దున్నే తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. అక్క మొహానికి ఆక్సిజన్ మాస్కు. పక్కన స్టూలు మీద బాలరాజ్, అవతల గోడకు ఆనుకుని స్రవ్య. ఏం మాటలతో మొదలుపెట్టాలో ఆలోచించుకున్నవన్నీ గడప దగ్గరే మరిచిపోయాను.

"డబ్బాకు గోనె కట్టింది నేనే అక్కా" అన్నాను.

బాలరాజ్ లేచి నిలబడ్డాడు. "నువ్వు మనిషివేనా చిన్నమ్మా? మా అమ్మకేమన్నైతే?" కొట్టినా పడి ఉండేదాన్ని. నర్సు వచ్చి, లొల్లి చేస్తే ఇద్దర్నీ బయటికి పంపిస్తానంది.

అక్క మాస్కు పక్కకు జరిపింది. "దొంగముఖందానా... నాతోని జెప్తే... నిచ్చెన నేనే... పట్టుకుందును గాదే" అంది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడ్చాను. మంచం ఊచ పట్టుకుని చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె నా చేతి మీద ఒక్కటి వేసింది.

"ఏడుపు బంజెయ్... పోయి దానితోని... సక్కగ మాట్లాడు. అబద్ధం జెప్పకు దానికి. అది జెప్తెనే... నేను బయటికొస్త."

ఆ మధ్యాహ్నం స్రవ్యను బతిమాలి ఫోను ముందు కూర్చున్నాను. అది నాతో మాట్లాడుతుందో లేదో అని భయం. స్రవ్యకు కాదు, ఫోనుకు భయపడ్డాను, చూడండి నా బుద్ధి. గోనె సంగతితో మొదలుపెట్టి అన్నీ చెప్పాను. ఏ వేళ ఎన్ని కిలోలు పట్టిస్తాను, గిర్నీ తలుపు ఎటు తెరుచుకుంటుంది, దుమ్ము ఎటు కొడుతుంది. దాచకుండా చెప్పాను.

"చెప్పినందుకు థాంక్స్. శనివారం నంబర్లను లెక్కలోంచి తీసేస్తాను" అంది ముందు. ఒక్క తిట్టు లేదు. "మిగతా రోజులు చూస్తే, మీ దగ్గర మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు మధ్య దుమ్ము లేచినా తొందరగా పోతోంది. ఎండకు గాలి పైకి లేచి తీసుకుపోతుంది. పొద్దువాలితే గాలి కిందికి దిగి, ఇరుకు గల్లీలో దుమ్ము అక్కడే నిలుస్తుంది. కారం మధ్యాహ్నమే పట్టించి, గల్లీ వైపు తలుపు మూసి, ఫ్యాను మెయిన్ రోడ్డు వైపు పెట్టి చూడండి. ఎంత తగ్గుతుందో ముందే చెప్పలేను, డబ్బా చెబుతుంది. నాగమణమ్మ గారి మందులు, బయట కూర్చోవడం మాత్రం డాక్టరునే అడగండి."

"మధ్యాహ్నం పట్టాలంటే ఎవరొస్తరు? పొద్దుగాల పనికి వోయినోళ్లు పొద్దుమీకి గాని రారు" అన్నాను.

"పొద్దున మీ దగ్గర వదిలి వెళితే, సాయంత్రం తీసుకుపోలేరా?"

అప్పుడు నాకు నవ్వొచ్చింది. పాపం, దానికేం తెలుసు! మా దగ్గర మిరపకాయలు గిర్నీలో వదిలి ఎవరూ పోరు. ఎన్ని గంటలైనా సరే, తమ సంచి పక్కన తామే కూర్చుని, తుమ్ముతూ దగ్గుతూ, తమ కాయలు తమ కళ్ల ముందు తొట్టిలో పడి తమ డబ్బాలోకి వచ్చేదాకా చూసుకుని పోతారు. చపాటా కాయలు రంగుకు, తేజ కాయలు ఘాటుకు. ఒకరి చపాటా ఇంకొకరి సంచిలోకి పోతే ఏడాదంతా కూర చెడిపోతుంది. అందుకే కన్నతల్లినైనా నమ్మరు. మా అమ్మ అలాగే కూర్చునేది, నాగమణమ్మక్క అలాగే కూర్చునేది. ఇదంతా ఫోనుకు వివరించాను.

"ఇది నాకు తెలియదు. నమ్మకం సంగతి డబ్బాల్లో కనిపించదు. అది ఎలా కుదురుతుందో మీరే చూడాలి" అంది. తెలియనిది తెలియదన్నందుకు మొదటిసారి అది నాకు నచ్చింది.

సోమవారం ఆఫీసరు వచ్చాడు. ఆయన నోరు తెరవకముందే, "శనివారం నంబర్ అబద్ధం సార్. డబ్బాకు గోనె కట్టింది నేనే" అన్నాను. ఆయన రాస్తున్న పెన్ను ఆపి నా వంక చూశాడు. బాలరాజ్ కూడా చూశాడు. నేను అంత దూరం పోతానని వాడనుకోలేదు. తర్వాత మధ్యాహ్నం పట్టించే సంగతి చెప్పాను. ఆయన పదిహేను రోజుల గడువిచ్చాడు. సాయంత్రం పూట మా గల్లీ నంబర్ పక్క గల్లీలకు సమానంగా రావాలి, రాకపోతే తాళమే.

మంగళవారం నుంచి సాయంత్రం మోటారు వేయనని పలక మీద రాసి పెట్టాను. "పొద్దున ఇవ్వండి, నా డాబా మీద ఎవరివి వాళ్లకు విడిగా ఎండబోసి, మధ్యాహ్నం పట్టించి పెడతాను" అని వచ్చినవాళ్లందరికీ మొరపెట్టుకున్నాను. గాజుల దుకాణంలో పనిచేసే రాజమణి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"మస్తు చెప్పినవ్ తీయ్! నా చపాటా ఎవరికో పోసి నాకు తేజ కలిపిస్తే నాకెట్ల ఎరుక? డబ్బాకే గోనె గట్టినదానివి!"

గల్లీలో అప్పటికే అందరికీ తెలిసిపోయింది. నోరు పెద్దదని పేరున్నదాన్ని, తల దించుకుని తొట్టి తుడుచుకున్నాను. జనమంతా అవతలి గల్లీ గిర్నీకి మళ్లారు. నాలుగు రోజుల్లో నాకు వచ్చింది రెండు సంచులు. గురువారం సాయంత్రం ఇద్దరు ఆడవాళ్లు వచ్చి, "ఎవరు చూస్తున్నరు వరమ్మా, జల్ది పట్టించి ఇయ్యి" అన్నారు. స్విచ్ మీద చెయ్యి పెట్టాను. గోడకు అటువైపు ఇల్లు చీకటిగా ఉంది, అక్క ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. చెయ్యి తీసేశాను. వాళ్లు నన్ను తిట్టుకుంటూ పోయారు. పస్తులుండి చావాలా అని ఆ డబ్బాను, ఫోనును, బాలరాజ్‌ను, అందరికంటే ఎక్కువగా నన్ను నేను తిట్టుకున్నాను.

శుక్రవారం అక్కను ఇంటికి తెచ్చారు. శనివారం పొద్దున పాల ప్యాకెట్ల కోసం గల్లీ ఆడవాళ్లంతా నిలబడి ఉన్న వేళ, ఆమె గోడ పట్టుకుంటూ బయటికొచ్చింది. వెనక స్రవ్య ఒక సంచి మోసుకొస్తోంది. ఆ పది అడుగులకూ ఆమె మూడుసార్లు ఆగింది. మా గిర్నీ గడప మీద సంచి దింపించింది.

"ఐదు కిలోలు. చపాటా" అని ఊపిరి తీసుకుంది. "నీ కాడ మావోళ్లెవరు... కూసోరు. పొద్దుమీకి... సంచి పంపియ్యి."

గల్లీ మొత్తం వింది. ప్రాణం మీదికి తెచ్చినదాని దగ్గర ఏడాది కారం వదిలిపెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా, ఆ ముసలమ్మ గోడ పట్టుకుని ఇంటికి పోయింది. నేను చేతులు కడుక్కుని వచ్చి ఆ సంచి ఎత్తుకున్నాను.

ఆ కాయలను కొత్త చీర పరిచి ఎండబోశాను. కాకి వాలకుండా పక్కనే గొడుగేసుకుని కూర్చున్నాను. తొట్టిని మూడుసార్లు తుడిచాను. ముందు గుప్పెడు బియ్యం పట్టించి, పాత కారం ఆనవాలు లేకుండా చేసి, అప్పుడు పోశాను. సాయంత్రం నేనే మోసుకుపోయి అందరి ముందూ ఆమె అరుగు మీద పెట్టాను. రాజమణి ఊరుకుంటుందా, సంచి మూతి విప్పి, గోటితో ఇంత తీసి నాలుక మీద వేసుకుని చూసింది. రంగు చూసింది, వాసన చూసింది.

"అక్కదే" అంది చివరికి. తర్వాత నా వైపు తిరగకుండానే, "రేపు పొద్దుగాల నాయి మూడు కిలోలు తెస్త. కలిపినవో, గల్లీల నిలబెడత" అంది.

సోమవారానికి నా డాబా మీద పద్నాలుగు గుడ్డలు పరుచుకున్నాయి. ఎవరి గుడ్డ మీద వాళ్ల పేరు రాసిన అట్టముక్క, ఎగిరిపోకుండా దానిమీద రాయి. గల్లీ వైపు తలుపు మూసి, ఫ్యాను రోడ్డు వైపు తిప్పి, పన్నెండుకు మోటారు వేసి మూడుకు ఆపుతున్నాను. స్రవ్య ఏ పూటకాపూట ఫోనును అడిగి నంబర్ చెబుతోంది. మొదటి రోజు తగ్గింది. మూడో రోజు ఎందుకో పెరిగింది. ఫోనును అడిగితే, ఆ పూట పక్క గల్లీల్లోనూ అంతే పెరిగింది, మీ ఒక్కరిది కాదంది. గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను.

పదిహేనో రోజు ఆఫీసరు కావాలనే సాయంత్రం ఆరు గంటలకు వచ్చాడు. ఎవరికీ చెప్పలేదు. గిర్నీకి వచ్చి మోటారు మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూశాడు. తన ఫోనులో మా గల్లీ నంబర్, అటూఇటూ గల్లీల నంబర్లు పక్కపక్కన పెట్టి చూశాడు. మూడూ ఇంచుమించు సమానం.

"అర్జీ మీదే కదా. ఏమంటారు?" అని బాలరాజ్‌ను అడిగాడు.

బాలరాజ్ నన్ను చూశాడు, నేల చూశాడు. "నన్నెందుకు సార్, మా అమ్మనడుగుండ్రి" అన్నాడు.

నాగమణమ్మక్క తన అరుగు మీద కూర్చుని ఉంది. ఆ గోనె కట్టిన శనివారం తర్వాత ఆ వేళప్పుడు ఆమె బయట కూర్చోవడం అదే మొదలు. ఆఫీసరు ఆమె దగ్గరికి పోయి, "ఎట్లున్నది అమ్మా పానం?" అని అడిగాడు.

"నా పానం సంగతి ఇప్పుడడుగుతున్నవా బిడ్డా, పొద్దుగాల ఆరింటికి రా నీకు ఎరుకైతది, ఆ మూలమలుపు కాడ రోజు చెత్తకు అగ్గివెడ్తున్నరు, ఆ పొగంత ఈ గల్లీలకే వస్తది, దానికెవరు తాళమేస్తరు, ఒక్క ఆడిదాని గిర్నీ మీద కాయిదాలు రాసుడు కాదు, దానికి గూడ ఒక డబ్బా గట్టుండ్రి, గట్టి ఆ ఫోనుల చెప్పియ్యుండ్రి, అందరం గూసొని ఇంటం!"

బాలరాజ్ నోరు తెరుచుకుని తల్లిని చూస్తున్నాడు. స్రవ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ మాటలన్నిటి మధ్య ఆమె ఒక్కసారి కూడా ఆగలేదు.

ఆఫీసరు అరుగు మీదే కాగితం పెట్టుకుని, గిర్నీకి తాళం అక్కర్లేదని రాసి సంతకం చేశాడు. ఆమె ఇంకా తిడుతూనే ఉంది.